కట్టినవాళ్ళ ఇల్లు, ఉన్నవాళ్ళ ఇల్లు

ఆ శుక్రవారం పొద్దున్నే మా మేనల్లుడు నెదర్లాండ్స్ నుంచి ఫోన్ చేశాడు. సెలవు రోజు కదా, ఇంకా కాఫీ అయినా పెట్టుకోలేదు.

"మావయ్యా, ఇల్లు కొన్నాం!"

"శుభం రా! ఏ ఊళ్ళో?"

"న్యూనెన్ అని, ఐండ్‌హోవెన్ పక్కన చిన్న పల్లెటూరు."

నాకు 'నూనె' అని వినిపించింది. పొద్దున్నే నూనె గొడవేమిట్రా అన్నాను. వాడు నవ్వి, ఫోనులోనే ఫోటోలు పంపించాడు. ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు పచ్చటి గడ్డి, వెనకాల పెద్ద పెద్ద చెట్లు, సైకిల్ దారి. వీధి వైపు గోడంత కిటికీ, దానికి తెర కూడా లేదు. "అదేమిట్రా, వచ్చే పోయే వాళ్ళంతా ఇంట్లోకి చూడరూ?" అంటే, "ఇక్కడ చాలామంది ఇంతే మావయ్యా, ఎవరూ చూడరు" అన్నాడు. ఇంటికి సరిపడా సొమ్మంతా బ్యాంకే అప్పిచ్చిందట, 30 ఏళ్ళ వాయిదాలట. చెప్పిన ధర మీద ఇంకొంత పెంచి వేస్తే గానీ ఇల్లు దక్కలేదట. వాడు ఆ దేశపు పౌరుడు కాదు. అయినా నోటరీ ముందు సంతకం పెట్టాడు, తాళాలు తీసుకున్నాడు, మర్నాడే పాలు పొంగించాడు. ఉద్యోగం అక్కడే, పెళ్ళాం పిల్లలు అక్కడే, ఇల్లూ అక్కడే.

ఫోన్ పెట్టేసే ముందు మాట వరసకి అడిగాడు: "మీ ఇల్లు ఎలా ఉంది మావయ్యా?"

"బాగానే ఉందిరా" అన్నాను. అన్నాక ఆలోచించాను. వాడు అడిగింది ఏ ఇంటి గురించి?

నాకు ఇళ్ళు రెండు. ఒకటి కువైట్ సిటీలో, మిర్గాబ్‌లో. మనవాళ్ళు మాలియా అంటారే, ఆ బస్టాండు వెనక వీధిలో, నాలుగో అంతస్తు. 1999 నుంచి అందులోనే ఉంటున్నాను. అది నాది కాదు. రెండోది పాలకొల్లుకి దగ్గర్లో గోదావరి గట్టు పక్కనున్న మా ఊళ్ళో, రెండంతస్తుల డాబా. అది నాదే. దాంట్లో నేను ఉండను.

మేనల్లుడు ఫోన్ చేసిన ఆ వారంలోనే ఈ రెండు ఇళ్ళ గురించీ రెండు కబుర్లు వచ్చాయి. ఈ వ్యాసం ఆ రెండు కబుర్ల గురించి.

* * *

మొదటి కబురు హారిస్ తెచ్చాడు. హారిస్ అంటే బిల్డింగు కాపలాదారు. మా భవనం 1970లలో కట్టింది, దాన్ని పడగొట్టి కొత్తది కడతారట, గడువులోగా అందరూ ఖాళీ చెయ్యాలట. అరబ్బీలో ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

చట్టప్రకారం అంతా సవ్యమే, అందులో తప్పు పట్టడానికేం లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్ళు! మా ఆవిడ ఈ వంటింట్లోనే మొదటిసారి ఆవకాయ పెట్టింది. మా అబ్బాయి ఈ హాల్లోనే పాకాడు. తలుపు చట్రం మీద వాడి పొడుగు గీతలు ఇంకా ఉన్నాయి. వచ్చిన కొత్తలో వంటింటి కిటికీలోంచి రెండు భవనాల సందున బెత్తెడు సముద్రం కనిపించేది. తర్వాత మధ్యలో భవనాలు లేచాయి. 2011లో 412 మీటర్ల అల్ హమ్రా టవర్ పూర్తయ్యాక మా వాళ్ళు దాన్ని చూసే గడియారం లేకుండా వేళ చెప్పేవాళ్ళు, దాని నీడ ఎటు పడిందో చూసి. 'ఇరవై ఆరేళ్ళు ఉన్నవాణ్ణి, ఒక్క కాగితంతో పొమ్మంటారా?' అని నాలో నేనే గొణుక్కున్నాను.

ఇక్కడి సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఈ దేశంలో 1979 నాటి చట్టం ప్రకారం బయటివాళ్ళు ఇల్లూ వాకిలీ కొనుక్కోడానికి వీల్లేదు. పొరుగు గల్ఫ్ దేశాల వాళ్ళకీ, కొన్ని షరతుల మీద అరబ్బులకీ మినహాయింపులున్నాయి గానీ మనబోటివాళ్ళకి ఆ దారి లేదు. సుమారు పది లక్షల మంది భారతీయులం ఉన్నాం, అందరం అద్దె ఇళ్ళలోనో కంపెనీ గదుల్లోనో కఫీలు ఇళ్ళలోనో ఉంటాం. అకామా ఉన్నన్నాళ్ళే ఉనికి. పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంత ఉండాలని ఒక గీత గీస్తారు. ఆ గీత 2024 జనవరిలో 800 దీనార్లకి చేరింది. 2012లో అబ్బాయి చదువు కోసం మా వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. ఇప్పుడు తెచ్చుకుందామన్నా నా జీతం ఆ గీతకి ఇవతలే ఆగిపోతుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కువైటీలకి మాత్రం ఇల్లు అంత తేలిగ్గా వస్తుందా? పెళ్ళయినవాళ్ళకి ప్రభుత్వమే స్థలమో ఇల్లో ఇస్తుంది, కట్టుకోడానికి 70,000 దీనార్లు వడ్డీ లేని అప్పూ ఇస్తుంది. కానీ దానికోసం ఏళ్ళ తరబడి వరసలో కాచుకుని ఉంటారు. ఇల్లన్నది ఎవరికైనా కాచుకోవలసిన వస్తువే.

నోటీసు వచ్చిన పది రోజులకి ఇంటి యజమాని స్వయంగా వచ్చాడు. ఎనభై దాటిన పెద్దాయన. ఆ తరం వాళ్ళలో చాలామందికి హిందీ వచ్చు. వాళ్ళ తండ్రులు పడవల్లో బొంబాయి, మలబారు తీరాలకి ఖర్జూరాలు తీసుకెళ్ళి టేకు కలప తెచ్చుకున్నవాళ్ళు. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే. ఆయన మా హాల్లో కూచుని టీ తాగుతూ, చేత్తో షర్క్ వైపు చూపించి చెప్పాడు, వాళ్ళ నాన్నగారి ఇల్లు అక్కడే ఉండేదట. మట్టి గోడలు, మధ్యలో ముంగిలి, ఆఫ్రికా నుంచి తెచ్చిన కర్రల మీద కప్పు. చమురు డబ్బు వచ్చాక, 1952 నాటి నగర ప్రణాళికతో పాత ఊరంతా ప్రభుత్వం కొనేసి పడగొట్టింది. 1920లో ఊరి చుట్టూ కట్టిన కోట గోడని కూడా 1957లో కూల్చేశారు, ద్వారాలు మాత్రం ఉంచారు. ఆ గోడ ఉన్న చోట ఇప్పుడు పచ్చటి చెట్ల తోట ఉంది. మేం శుక్రవారాలు పిల్లల్ని ఆడించిన చోటు అదే.

"డబ్బు చాలా ఇచ్చారు" అన్నాడాయన. "మా నాన్న ఆ డబ్బు తీసుకున్నాడు. తర్వాత ఎప్పుడు అటు వెళ్ళినా కారు దిగేవాడు కాదు."

ఆయన వెళ్ళిపోయాక నా కోపం కొంత తగ్గింది. ఆయన నాకు అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. గడువు పెంచలేదు, అద్దె తగ్గించలేదు. వచ్చి కూచున్నాడు, అంతే. 'నువ్వు ఇక్కడ బతికావని నాకు తెలుసు' అన్నట్టు. అదే చాలనిపించింది. ఎందుకు చాలనిపించిందో మాత్రం అప్పుడు అర్థం కాలేదు.

* * *

రెండో కబురు మా బావమరిది పంపించాడు.

"బావగారూ, ఈ ఏడాదితో పన్నెండేళ్ళు నిండుతాయండి. ఆవిణ్ణి ఖాళీ చేయించకపోతే ఇల్లు ఆవిడదైపోద్దండి. ఎవరినడిగినా ఇదే చెప్తున్నారు."

'ఆవిడ' ఎవరో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఊళ్ళో ఇల్లు 2008లో మొదలుపెట్టి 2010లో ముగించాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టి చూడమన్నారు గానీ, ఫోనులో కట్టమనలేదు. నేను ఫోనులోనే కట్టాను. ఇసుక రేటు, ఇనుము రేటు, మేస్త్రీ అలకలు, అన్నీ మాలియా నుంచే. శ్లాబు వేసిన రోజు ఇక్కడ దుమ్ము తుఫాను, ఫోన్ లైను కలవలేదు. గృహప్రవేశానికి పదిహేను రోజులు సెలవు దొరికింది. మా అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో మిగిలింది. ఎనిమిది గదుల్లో ఒక మనిషి.

మా ఊళ్ళో వరసకి అక్క అయ్యే ఒకావిడ ఉంది. భర్త పోయాక 2001లో ఇరవయ్యో నంబరు వీసా మీద కువైట్ వచ్చింది, అంటే ఇంటిపని వీసా. ఇక్కడ ఆ పని చేసేవాళ్ళని ఖద్దామా అంటారు. మొదట్లో 40 దీనార్లు జీతం. దీనారు 150 రూపాయల చిల్లర ఉన్న రోజులవి. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి ముగ్గురు పిల్లల్నీ తనే పెంచింది. జీతమంతా తమ్ముడికి పంపింది, తన కోసం ఊళ్ళో ఇల్లు కట్టమని. తమ్ముడు కట్టాడు. కాగితాలు తన పేరు మీద రాయించుకున్నాడు. "ఇంటికొచ్చాక మార్చుకుందాంలే అక్కా" అన్నాడట. 2012లో ఇంటికొచ్చింది. కాగితాలు మారలేదు. ఆర్నెల్లు వసారాలో నులకమంచం మీద పడుకుంది. ఆ తర్వాత ఆ మంచానికి కూడా చోటు లేదన్నారు.

2013లో మా అమ్మ కాలు జారి పడినప్పుడు, చూసుకోడానికి మనిషి కావాలని ఆవిణ్ణి పిలిచాం. వచ్చింది. మా అమ్మని ఆరేళ్ళు చూసింది. 2019లో అమ్మ పోయినప్పుడు నేను వెళ్ళేసరికి రెండో రోజు. తలగడ కింద చెయ్యి పెట్టి అమ్మని పట్టుకుని ఉన్నది ఆవిడే. ఆ తర్వాత కూడా ఇంట్లోనే ఉండిపోయింది. పొమ్మని మేమూ అనలేదు, ఉంటానని ఆవిడా అడగలేదు.

ఇల్లు కట్టినప్పుడు చుట్టూ ఉన్నది గచ్చు, ప్రహరీ గోడ. ఇప్పుడు అక్కడ నాలుగు కొబ్బరి చెట్లు, రెండు మామిళ్ళు, ఒక పనస, జామ, కరివేపాకు, గుత్తులు గుత్తులుగా మందారం. అన్నీ ఆవిడ వేసినవే. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తా దగ్గర్నుంచి మా నాన్న ఫోటో దాకా ఒక్కొక్కటే పైకి మోసింది. మా పెళ్ళి ఆల్బం ఈ వేళ పదిలంగా ఉందంటే ఆవిడ చలవే.

ఒక రాత్రి నా పాస్‌పోర్టులన్నీ ముందేసుకుని కూచుని, ముద్రలు చూసి లెక్కపెట్టాను. 2010 నుంచి ఇప్పటిదాకా నేను ఆ ఇంట్లో పడుకున్న రాత్రులు నాలుగు వందల ముప్పై ఏడు. ఆవిడవి నాలుగు వేలు దాటాయి.

* * *

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఇల్లు ఎవరిది?

చట్టాన్నడిగితే జవాబు తేలిక. మా బావమరిది భయానికి ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం. అయితే ఆ పన్నెండేళ్ళ లెక్క, యజమానిని కాదని, 'ఇది నాది' అని అందరికీ తెలిసేలా ఉన్నవాళ్ళకి. మన అనుమతితో, మనం రమ్మంటే వచ్చి ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళున్నా వాళ్ళదైపోదు. భీమవరంలో వకీలు గారు కూడా ఇదే చెప్పారు. కాబట్టి భయం లేదు, రేపు పొమ్మన్నా ఆవిడ పోవాల్సిందే. సమస్య తీరిపోయింది అనుకున్నాను. తీరలేదు. చట్టం నా వైపు ఉందని తెలిశాక ఇంకా ఇబ్బందిగా ఉంది. మాలియాలో నాకు కాగితం ఇచ్చిన వాళ్ళ వైపు కూడా చట్టం ఉంది కదా!

అక్కడ నేను 'ఉన్నవాణ్ణి'. ఇక్కడ 'కట్టినవాణ్ణి'. అక్కడ ఉన్నవాడికి హక్కుండాలని రాత్రంతా గొణుక్కున్నవాణ్ణి, ఇక్కడ కట్టినవాడికే హక్కని నిశ్చింతగా ఎలా పడుకోను?

మా తాత కౌలుదారు. ముప్ఫై ఏళ్ళు ఒకరి చేలో దుక్కి దున్నాడు. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలుదారీ చట్టం వచ్చిందని మా నాన్న చెప్పేవాడు, కానీ మా తాత కౌలు నోటి మాట మీద నడిచింది గనక ఆ చట్టం మా గుమ్మం తొక్కలేదు. ఒక ఏడాది ఆసామి కొడుకు పట్నం నుంచి వచ్చి, చేను అమ్మేస్తున్నాం అన్నాడు. అంతే. 'దున్నేవాడిదే భూమి' అన్న నినాదం మా ఇంట్లో పాఠం కాదు, ఒక గాయం. ఆ మాట నిజమైతే, ఉండేవాడిదే ఇల్లు కూడా నిజం కావొద్దా?

17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్త్వవేత్త సొంత ఆస్తి ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడానికి ప్రయత్నించాడు. ఎవరికీ చెందని దానిలో మనిషి తన శ్రమని కలిపితే అది అతని సొత్తవుతుందన్నాడు. వినడానికి బాగుంది. మరి మా ఇంట్లో ఎవరి శ్రమ కలిసింది? మేస్త్రీది కలిసింది, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. నాది డబ్బు రూపంలో కలిసింది. అక్కది చెట్ల రూపంలో, తుడిచిన గచ్చు రూపంలో, మా అమ్మకి పట్టిన గంజి రూపంలో కలిసింది. దేనికి ఎక్కువ లెక్క?

నా పక్షాన నేనూ కొంత వాదించుకోవాలి. ఆ ఇటుకలు ఊరికే రాలేదు. ఈ దేశంలో 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. అలాంటి ఎండల్లో బస్సు కోసం నిలబడి దాచిన డబ్బు అది. మా అమ్మాయి పుట్టినరోజులు ఎన్ని తప్పిపోయాయో నాకే తెలుసు. నాతోబాటు పనిచేసిన పెద్దాయన ఒకరు 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు పన్నెండేళ్ళ కాపురం వదిలేసి, ఒక్క సంచితో అమ్మాన్ దాకా వెళ్ళి విమానం ఎక్కాడు. అప్పుడు అలా ఇంటికి చేరినవాళ్ళు సుమారు లక్షా డెబ్భై వేలు. "ఊళ్ళో ఇల్లు లేకపోతే మనం ఎక్కడికీ చెందం తమ్ముడూ" అనేవాడు నాతో. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుంటే 45 మంది భారతీయులు పోయారు, అందులో ముగ్గురు మన ఆంధ్రులు. ఒకే భవనంలో కిక్కిరిసి పడుకునేవాళ్ళు ఎక్కడో ఒకచోట నాలుగు గదుల ఇంటి గురించి కలలు కంటూనే ఉంటారు. ఆ కల తప్పని ఎవరు అనగలరు? కట్టినవాడి హక్కుని కొట్టిపారేస్తే ఆ చెమటని కొట్టిపారేసినట్టే.

ఇంకో మాట కూడా ఉంది. ఉన్నంత మాత్రాన ఇల్లు వాళ్ళదైపోతే, రేపు ఎవరు ఎవరికి చోటిస్తారు? పెద్దమనసుతో తలుపు తీసినవాడే నష్టపోతాడు. అప్పుడు ఊళ్ళో ఖాళీగా ఉన్న ప్రతి ఇంటికీ తాళం పడుతుంది. చుట్టాలకి కూడా వసారా దొరకదు. అనుమతితో ఉన్నవాళ్ళకి హక్కు పుట్టదని చట్టం అనడంలో ఒక మంచి ఉంది, అది దయకి ధైర్యం ఇస్తుంది. కాబట్టి 'ఉండేవాడిదే ఇల్లు' అని పూర్తిగా ఒప్పుకోలేను.

అటూ కాక, ఇటూ కాక చాలా రోజులు నలిగాను. చివరికి దారి చూపించింది ఇంటాయన వచ్చి టీ తాగిన సాయంత్రమే.

ఆ నోటీసు చూసి నేను బాధపడ్డప్పుడు, నిజంగా నేను కోరుకున్నదేమిటి? ఫ్లాటు నా పేర రాయమన్నానా? లేదు. అది నాది కాదని ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. ప్రతి నెలా అద్దె రసీదు అదే చెప్పింది. నేను కోరుకున్నవి రెండు. ఒకటి, నేనిక్కడ బతికానన్న సంగతి ఎవరో ఒకరు గుర్తించాలి. రెండు, రేపు ఎక్కడ పడుకుంటాను అన్న భయం లేకుండా ఉండాలి. మొదటిది పెద్దాయన ఇచ్చాడు. రెండోది ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పని కూడా ఆయనకి లేదు, నేను ఇంకో గది చూసుకోగలను గనక. నాకు జీతముంది, వేరే చోటుంది.

అంటే కట్టినవాడి హక్కూ, ఉన్నవాడి హక్కూ ఒకే వస్తువు కోసం పోట్లాడుకోవడం లేదన్నమాట. కట్టినవాడిది సొంతం. అమ్ముకోవడం, పిల్లలకి ఇవ్వడం, పేరు రాసుకోవడం. ఉన్నవాడిది ఉనికి. తెల్లారితే ఇక్కడే లేస్తానన్న నమ్మకం. మొదటిది నాది, అందులో సందేహం లేదు. రెండోది? పన్నెండేళ్ళుగా దాన్ని కూడా నా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆవిడ ప్రతి రాత్రీ నా దయ మీద పడుకుంటోంది. అరవై అయిదేళ్ళ మనిషి, వేరే చోటు లేని మనిషి, మా ఇంటికి ఇంత చేసిన మనిషి, నా దయ మీద పడుకోవడం న్యాయమేనా? దయ మంచిదే. కానీ దయ చేసేవాడు మారిపోవచ్చు, చచ్చిపోవచ్చు. మా తాతకి చేను ఇచ్చిన ఆసామి కూడా దయగలవాడే. కొడుకు అమ్మేశాడు.

* * *

మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తను చెప్పిన దాంట్లో న్యాయం లేకపోలేదు. ఊళ్ళో ఇల్లు అమ్మి హైదరాబాదులో చిన్న ఫ్లాటు తీసుకుందామని, పిల్లలూ అదే అంటున్నారని మేం అనుకుంటూనే ఉన్నాం. అక్కకి ఉండే హక్కు రాసిస్తే, ఆ హక్కుతో సహా కొనేవాడు ఎవరు? ఆవిడ బతికినన్నాళ్ళూ ఇల్లు అమ్ముడుపోదు. అంటే ఫ్లాటు వెనక్కి, నా రిటైర్మెంటు ఇంకా వెనక్కి.

"మనం కడుపు కట్టుకుని కట్టిన ఇల్లండీ" అంది.

"అవును."

"మీరింకా ఎన్నేళ్ళు అక్కడే ఉంటారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ధర్మం గురించి మాట్లాడడం తేలికే, దాని వాయిదాలు కట్టేది మాత్రం ఎప్పుడూ ఇంకొకరే. ఇక్కడ ఆ ఇంకొకరు మా ఆవిడ. మర్నాడు తనే ఫోన్ చేసింది. "అత్తయ్యగారికి చివరి రోజుల్లో నేను చెయ్యాల్సింది ఆవిడ చేసింది. కింద రెండు గదులు, వంటిల్లు రాయండి. పైన మనకి ఉంచండి" అంది. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

వకీలు గారు దానికి పద్ధతి చెప్పారు. సెటిల్మెంటు దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే, అక్కకి బతికున్నంత కాలం ఆ భాగంలో ఉండే హక్కు ఉంటుంది. అమ్మే హక్కు ఉండదు. ఆవిడ తర్వాత మొత్తం మా పిల్లలది. మధ్యలో నేను పోయినా, ఇల్లు చేతులు మారినా, ఆ హక్కు అలాగే ఉంటుంది.

అక్కకి నేనే చెప్పాలని ఫోన్ చేశాను. నాకు తెలియకుండానే కొంచెం గొప్పగా మొదలుపెట్టాను. "అక్కా, నువ్వేం బెంగ పెట్టుకోకు. నువ్వున్నంత కాలం ఆ ఇల్లు నీదే అనుకో, నా మాట" అన్నాను.

అటునుంచి కాసేపు ఏమీ లేదు. పెరట్లో కోడి అరుపు వినిపించింది.

"మాటొద్దు తమ్ముడూ" అంది. "మాట మా తమ్ముడు కూడా ఇచ్చాడు. రాసేదుంటే కాగితం మీద రాయి. రాయకపోతే ఇప్పుడే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

సిగ్గుపడ్డాను. అంత ఆలోచించి, లాక్‌నీ తాతనీ అందరినీ తలుచుకుని, చివరికి నేను ఆవిడకి ఇవ్వబోయింది మళ్ళీ దయే. ఆవిడకి కావలసింది అది కాదు. ఆ తేడా నాకంటే ఆవిడకే బాగా తెలుసు, పదకొండేళ్ళ జీతం పోసి కొనుక్కున్న తెలివి.

"కాగితమే రాస్తానక్కా. సంక్రాంతికి వస్తున్నా, రిజిస్ట్రారాఫీసులో నీ వేలిముద్ర కూడా కావాలి."

"సంతకం పెడతాను. కువైట్‌లో మామా పిల్లలతోబాటు కూచుని నేర్చుకున్నాను" అంది.

* * *

మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళ కొత్త ఊరి గురించి ఒక విశేషం చెప్పాడు. వాన్ గో అనే చిత్రకారుడు 1883 నుంచి 1885 దాకా ఆ న్యూనెన్‌లోనే ఉన్నాడట, దీపం కింద బంగాళదుంపలు తింటున్న పేద రైతు కుటుంబం బొమ్మ అక్కడే 1885లో వేశాడట. నేను వాడికి బదులుగా మన విశేషం చెప్పాను. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారానికి వచ్చి మన పాలకొల్లులో కోఠీ పెట్టుకున్నారు. మచిలీపట్నంలో వాళ్ళ సమాధులు ఈ రోజుకీ ఉన్నాయి. వాళ్ళలో ఎంతమందికి స్వదేశంలో ఇల్లుందో, ఎవరు అందులో దీపం పెట్టారో. వాళ్ళూ అప్పట్లో ఎన్నారైలే కదా!

"నువ్వు అదృష్టవంతుడివిరా" అన్నాను వాడితో. "కట్టినవాడూ ఉన్నవాడూ ఒక్కడే అవడం అందరికీ దొరకదు. నీకు దొరికింది. తెరలు లేని కిటికీ అంటే భయం లేని ఇల్లు. కాకపోతే మీ అమ్మ సంగతి చూడు. అక్కడ అమలాపురంలో నువ్వు కట్టించిన ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఆవిడకి తోడుగా పడుకునే పనిమనిషి పేరు నీకు తెలుసా?"

వాడికి తెలియదు. కనుక్కుంటానన్నాడు.

నేను వచ్చే నెల ఖైతాన్‌లో ఒక గదికి మారుతున్నాను, ఇంకో ఇద్దరితో కలిసి. సామాను పెద్దగా లేదు. తలుపు చట్రం మీద మా అబ్బాయి పొడుగు గీతలు ఫోటో తీసుకున్నాను.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి అడిగింది: "సంక్రాంతికి ఎన్ని రోజులుంటావు తమ్ముడూ?"

"పది రోజులక్కా."

"సరే అయితే. పై గది దులిపించి, నీకు పక్క వేయించి ఉంచుతాను. నువ్వొచ్చేసరికి పనసకాయ కూడా కూరకి అందుతుందేమో చూస్తాను" అంది.

వినగానే నవ్వొచ్చింది. నా ఇంటికి నేను చుట్టంగా వెళ్తున్నాను. అయినా అందులో ఏదో తప్పు జరిగినట్టు నాకు అనిపించలేదు. ఆ ఇంట్లో ఎదురుచూసే మనిషి ఒకరున్నారు. కట్టినప్పుడు నేను కోరుకున్నది అదే కదా.